బోర్డు మీద తుడవని మూల

పుంగనూరు,
16 జూన్ 2024.

విక్టర్ సార్‌కు మీ యమున నమస్కారాలు.

ఈ కాలంలో ఉత్తరాలేమిటని మణెమ్మ అమ్మ నవ్వుతారని తెలుసు. పోయిన నెల ఫోన్ చేస్తే మీరు "ఆఁ?" అన్నారు, నేను అరిచాను, మీరు మళ్ళీ "ఆఁ?" అన్నారు. చివరికి మీకు తప్ప మా వీధిలో అందరికీ నా సంగతులు తెలిసిపోయాయి. అందుకే కవరు కొనుక్కొచ్చి కూర్చున్నాను. పదో తరగతిలో మీరు ఎర్రసిరాతో దిద్దిన చేతిరాత ఇదే.

సంగతి ఏమిటంటే, కుప్పంలో తెలుగు పిహెచ్‌డికి నోటిఫికేషన్ వచ్చింది. ఎంట్రెన్స్ గట్టెక్కాను. ఇక దరఖాస్తు పెట్టాలి, అక్టోబరులో ఇంటర్వ్యూ. దరఖాస్తుతో పాటు ఇద్దరు పెద్దల సిఫారసు ఉత్తరాలు కావాలి. మా కాలేజీ ప్రిన్సిపల్ మునిరాజు సార్‌ను అడిగితే ఆయన కంప్యూటర్లోంచి తలెత్తకుండానే, "నువ్వే రాసుకోని రామ్మా, సంతకం పెడ్తా. నీ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు గదా" అన్నారు. లోకమంతా ఇంతేనట. సరేనని కూర్చుని నన్ను నేనే పొగుడుకున్నాను. రాసి చదువుకుంటే పెళ్ళిచూపుల బయోడేటాలా ఉంది. మా ఆయన సురేంద్ర అది చూసి, "ఇంత మంచిది నాకు యాడ దొరికిందబ్బా" అన్నాడు.

రెండో ఉత్తరం మీది. మీకు శ్రమ ఎందుకని అది కూడా నేనే రాసి పంపుతున్నాను. పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోట సంతకం చేస్తే చాలు.

ఇంకొక్క మాట. తొమ్మిదేళ్ళ కింద ఎంఏ కాగానే పిహెచ్‌డి సంగతి అడగడానికి మదనపల్లెకు మీ ఇంటికి వచ్చాను. అమ్మ చెక్కిలాలు పెట్టారు. మీరు, "తొందరేముంది? ముందు కొన్నేళ్ళు పాఠం చెప్పు. అనుభవం ఉంటే సీటు దానంతటదే వస్తుంది" అన్నారు. మీ మాట ప్రకారం పుంగనూరులో డిగ్రీ పిల్లలకు తొమ్మిదేళ్ళుగా తెలుగు చెప్తున్నాను. ఇప్పుడు వస్తుందా సార్? పాఠం చెప్పిన అనుభవం ఆ సీటుకు నిజంగా పనికొస్తుందా? మీకు తెలిసింది రాయండి.

మీ
యమున

*

మదనపల్లె,
23 జూన్ 2024.

యమునమ్మకు విక్టర్ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. నా ఉత్తరం కూడా అందింది. నేను రాయని నా ఉత్తరం నాకే పోస్టులో రావడం డెబ్బై ఆరేళ్ళలో ఇదే మొదటిసారి.

నా పేరుతో నువ్వు రాసుకున్నది చదివాను. "నిబద్ధత, క్రమశిక్షణ, సత్ప్రవర్తన." అమ్మాయ్, ఇవి మా మిషన్ స్కూల్లో గంట కొట్టే ఆయనకు కూడా ఇచ్చాం. రెండు తప్పులు దిద్దాను, కాగితం వెనక్కి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు. నేను రాయనిదాని మీద, చూడనిదాని మీద సంతకం పెట్టను. నువ్వు పదో తరగతిలో ఎట్లా చదివావో నాకు తెలుసు. పాఠం ఎట్లా చెప్తావో ఎప్పుడైనా చూశానా? చూడనివ్వు, రాస్తాను. ఒకరోజు నీ తరగతికి వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాను. ఏ రోజని చెప్పను. చెప్తే ఆ రోజు కొత్త చీర కట్టుకొని కొత్త పాఠం చెప్తావు.

"వినబడని మనిషివి ఆడ కూర్చోని ఏం చేస్తావయ్యా?" అని మణెమ్మ అడుగుతోంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, కొరకడానికి ఎంత కష్టపడుతున్నాడో అనుకున్నాడట. నువ్వు ఊదుతున్నావో కొరుకుతున్నావో నేనే చూసుకుంటాను.

అనుభవం పనికొస్తుందా అని అడిగావు. ఇదేం ప్రశ్న? తప్పక పనికొస్తుంది. తొమ్మిదేళ్ళు పాఠం చెప్పిన మనిషిని వదిలి నిన్నగాక మొన్న ఎంఏ చేసిన పిల్లకాయను తీసుకుంటారా ఎవరైనా? ధైర్యంగా ఉండు.

విక్టర్

*

పుంగనూరు,
5 జూలై 2024.

సార్,

తీసుకుంటారు. ఆ పిల్లకాయనే తీసుకున్నారు.

మీకు చెప్పకుండా దాచాను. పోయిన సంవత్సరం కూడా దరఖాస్తు పెట్టాను. సురేంద్రకు తప్ప ఎవరికీ చెప్పలేదు. సీటు వచ్చాక పూతరేకుల డబ్బాతో మీ ఇంటికి వచ్చి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

నేను పెట్టుకున్న అంశం "ఆధునిక తెలుగు కవిత్వంలో మానవతా విలువలు". ఇంటర్వ్యూ బోర్డులో ఒకాయన, "ఏం కనుక్కుంటారమ్మా?" అని అడిగారు. "కవిత్వంలో మానవతా విలువలు ఉన్నాయని నిరూపిస్తాను సార్" అన్నాను. "ముందే తెలిసినదానికి నాలుగేళ్ళు ఎందుకు?" అన్నారు. ఏమీ నవ్వలేదు, నిజంగానే అడిగారు. నేను పది మార్కుల ప్రశ్నకు జవాబు చెప్పినట్టు ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అన్నీ చెప్పుకుంటూ పోయాను. ఆయన చివరిదాకా విని, "బాగా చెప్పారు" అన్నారు. పిల్లలకు నేను కూడా అట్లాగే అంటాను, ఏమీ రాని పిల్లలకు.

అనుభవం సంగతి అడిగితే, రెగ్యులర్ ఉద్యోగ అనుభవానికే మార్కులట, మా లాంటి ప్రైవేటు కాలేజీ లెక్కలోకి రాదట. ఆ గడిలో సున్నా. తొమ్మిదేళ్ళకు సున్నా సార్! సీటు ఎవరికొచ్చిందో తెలుసా? పవన్ కుమార్‌కు. నా దగ్గర డిగ్రీ చదివిన పిల్లోడు. వాడు ఫోన్ చేసి, "మేడం, అంతా మీ నోట్సే!" అన్నాడు. "సంతోషం నాయనా" అన్నాను. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

ఆ రోజు మీరు "పోయి పెట్టుకో" అని ఉంటే ఈపాటికి నా పేరు ముందు డాక్టర్ అని ఉండేది. మీ మాటను వేదవాక్కు అనుకున్నాను. అది ఎవరిని అడిగి చెప్పారు సార్? ఎక్కడ చదివి చెప్పారు? పెద్దవాళ్ళను ఇట్లా అడగకూడదు, అయినా అడుగుతున్నాను. కోపం వస్తే రానీండి, నాకూ వచ్చింది.

ఈసారి పెట్టుకునేది పంతానికి. ఇది కూడా పోతే ఇక పెట్టుకోను. అంశం అదే, కొంచెం మార్చాను. మీరు తరగతికి రావలసిన పనిలేదు. వస్తే మాత్రం వద్దనను.

యమున

*

మదనపల్లె,
27 జూలై 2024.

అమ్మా యమునా,

మూడు వారాలు బదులు రాయలేదు. రాయడానికి ఏమీ లేక కాదు, సిగ్గేసి.

ఎవరిని అడిగి చెప్పారని అడిగావు. ఎవరినీ అడగలేదు. ఎక్కడా చదవలేదు. పిహెచ్‌డి సీటు ఎట్లా ఇస్తారో ఆ రోజు నాకు తెలియదు, ఈ రోజూ తెలియదు. ఇంటికొచ్చి ఒక పిల్ల నమ్మకంగా అడిగింది, తెలియదంటే అయ్యవారు అనిపించుకుంటానా అని నోటికొచ్చింది చెప్పాను. అదే మాట నీకు ముందు ఇంకో ముగ్గురికి చెప్పి ఉంటాను. ఆ ముగ్గురూ నీ అంత మంచివాళ్ళు కారు కాబట్టి వినలేదు. నీ ఉత్తరం మణెమ్మ కూడా చదివింది. చదివి, "నలభై ఏండ్లు బడిలో తెలీదనే మాట ఒక్కసారన్నా అన్యావా నువ్వు?" అంది. అనలేదు.

తప్పు నాదే యమునా. నన్ను క్షమించు.

ఇక మొన్న బుధవారం సంగతి. నువ్వు వద్దనలేదు కాబట్టి తొమ్మిదిన్నర బస్సెక్కి వచ్చాను. చెవి మిషన్ ఇంట్లోనే పెట్టేశాను. అది పెట్టుకుంటే మనుషుల మాటల కంటే ఫ్యాన్ల మోత ఎక్కువ వినిపిస్తుంది. పిల్లలు నన్ను చూసి ఇన్‌స్పెక్షన్ అనుకొని చొక్కాలు సర్దుకున్నారు. నువ్వు నన్ను చూసి, పాఠం మొదలుపెట్టావు. గంటసేపు ఒక్క మాటా వినకుండా నీ తరగతి చూశాను. వినబడకపోతే పాఠం ఎంత బాగా కనిపిస్తుందో నీకు తెలియదు. ఎవరు రాస్తున్నారు, ఎవరు రాసినట్టు నటిస్తున్నారు, ఎవరు కిటికీలోంచి రోడ్డు మీద టమాటా లారీలు లెక్కపెడుతున్నారు, అన్నీ కనిపిస్తాయి.

రెండో వరసలో జడలో కనకాంబరాలు పెట్టుకున్న పిల్ల లేచి ఏదో అడిగింది. నువ్వు ఆలోచించావు. నీ పెదవులు చూశాను. "నాకు తెలీదమ్మా" అన్నావు. పిల్లలెవరూ నవ్వలేదు. నువ్వు పోయి బోర్డు కుడిపక్క పైమూలలో ఆ ప్రశ్న రాసి, తారీఖు వేశావు. దాని పైన అప్పటికే ఇంకొకటి ఉంది. జనవరి 22 తారీఖుది. "ఎద్దులకు తెలుగు రాదా?"

గంట కొట్టాక నేను లేవలేదు. తర్వాత వచ్చిన లెక్కల ఆయన బోర్డంతా తుడిచి, ఆ మూల మాత్రం వదిలేశాడు. పక్కన కూర్చున్న పిల్లను సైగతో అడిగితే నోటుబుక్కులో రాసి చూపింది: "జవాబు దొరికేదాక తుడవకూడదు సార్. తుడిస్తే మేం అరుస్తాం."

ఎవరు నేర్పారు నీకిది? నేను మాత్రం కాదు.

నీ మానవతా విలువలు అవతల పెట్టు. నీ అంశం ఆరు నెలలుగా నీ వీపు వెనకే ఉంది. ఎద్దుల సంగతి నాకు రాయి.

సిఫారసు ఉత్తరం వేరే కవరులో అంటించి పంపుతున్నాను. తెరవొద్దు. తెరిస్తే నాకు తెలిసిపోతుంది, నువ్వు జిగురు సరిగా అంటించలేవు.

విక్టర్

*

పుంగనూరు,
18 ఆగస్టు 2024.

సార్‌కు నమస్కారాలు.

ముందుగా, జూలైలో రాసిన ఉత్తరం చించేయండి. పెద్దాయనను పట్టుకొని ఎన్ని మాటలన్నాను! మీరు క్షమించమని రాస్తే నాకు అన్నం సయించలేదు. సురేంద్ర, "ఆయప్ప ఆ వయసులో బస్సెక్కి నీ కోసరం వచ్చినాడు, నువ్వేమో కాఫీ కూడా తాగించకుండా పంపిస్తివి" అని రెండు రోజులు సాధించాడు.

ఇక ఎద్దుల సంగతి. అడిగిన పిల్ల కీర్తి. ఆ కనకాంబరాల పిల్లే. వాళ్ళది కర్ణాటక గట్టున ఉన్న ఊరు. జనవరిలో మాండలికాల పాఠం చెప్తుంటే లేచి, "మేడం, మా తాత మాతో తెలుగులో మాట్లాడతాడు, ఎద్దులతో కన్నడంలో మాట్లాడతాడు. ఎద్దులకు తెలుగు రాదా?" అంది. తరగతంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. జవాబు మాత్రం తెలియలేదు. రాసి పెట్టాను. తెలియనివి అట్లా రాయడం నాలుగేళ్ళుగా అలవాటు. మొదటి సంవత్సరాల్లో నేనూ ఏదో ఒకటి చెప్పేసేదాన్ని. ఒకసారి నేను చెప్పిన తప్పు జవాబును యాభై మంది పరీక్షలో రాశారు. ఆ కాగితాలు దిద్దేటప్పుడు నా తప్పును నేనే యాభై సార్లు కొట్టేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి మానేశాను.

మీ ఉత్తరం వచ్చాక మొదటి ఆదివారమే కీర్తిని వెంటబెట్టుకొని వాళ్ళ ఊరు పోయాను. తాత పేరు బైరప్ప. ఎద్దులను "బా, బా" అని పిలుస్తాడు, "నిల్లు" అంటే ఆగుతాయి, "హోగు" అంటే కదులుతాయి.

"ఏం తాతా, వీటికి తెలుగు రాదా?" అన్నాను.

"రాకేం మేడమా! వాటికి అన్నీ వస్తాయి. నాకే తెలుగులో మడక దున్నేకి రాదు" అన్నాడు.

కన్నడ సీమ సంతలో కొన్నాడు కాబోలు, వాటికి అలవాటైన భాష అదే కాబోలు అనుకున్నాను. జవాబు దొరికిందని లోపల సంబరపడ్డాను కూడా. "ఈ జతను యాడ కొన్నావు తాతా?" అంటే, "కొనేదేంది? ఈడనే పుట్టినాయి, మా ఆవుకు" అన్నాడు. నా జవాబు అక్కడికక్కడే కూలిపోయింది.

ఇంతలో వాళ్ళ అవ్వ పాలు పిండడానికి వచ్చింది. ఆ ఎద్దుల తల్లినే, "దామ్మా, నిలబడు తల్లీ, కదలాకు" అని తెలుగులో బతిమాలింది. తల్లికి తెలుగు, కొడుకులకు కన్నడం! ఒకే కొట్టం సార్. తొమ్మిదేళ్ళలో పాఠం చెప్పి ఎన్నోసార్లు సంతోషపడ్డాను గానీ, ఏమీ తెలియనందుకు ఇంత సంతోషపడింది మాత్రం ఆ రోజే.

పాత అంశం తీసేశాను. కొత్తది: పుంగనూరు నుంచి కుప్పం వరకు, సరిహద్దు ఊళ్ళలో మనుషులు పశువులతో ఏ భాష మాట్లాడతారు, ఎందుకు మాట్లాడతారు. ఇటు కన్నడం, అటు అరవం, మధ్యలో మనం. ఏం కనుక్కుంటానో నాకు తెలియదు. దరఖాస్తులో ఆ మాటే రాశాను. కవరు తెరవలేదు. నిజంగా తెరవలేదు.

మీ
యమున

*

కుప్పం, రైల్వే స్టేషన్,
9 అక్టోబర్ 2024.

సార్,

ఇంటర్వ్యూ అయిపోయింది. స్టేషన్ బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది, బస్టాండులో కూర్చుంటే తెలిసినవాళ్ళు ఎలా చేశావని అడుగుతారు. ఇంటికి పోయాక ధైర్యం చేసుకొని అబద్ధాలు రాస్తానేమో, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

చెడగొట్టాను.

మొదటిగా అనుభవం అడిగారు. "తొమ్మిదేళ్ళు సార్, ప్రైవేటు" అన్నాను. ఒకాయన కాగితం మీద ఏదో వేశారు. బల్ల అవతలి మార్కులు తలకిందులుగా చదవడం మన వృత్తిలో ఉన్నదే కదా. సున్నా. దాని పక్కన పెన్నుతో చుక్క కూడా పెట్టారు.

తర్వాత బైరప్ప సంగతి చెప్పమన్నారు. చెప్పాను. అదొక్కటే బాగా జరిగింది, ఒకావిడ పెన్ను పక్కన పెట్టి విన్నారు. పోయిన ఏడు "నాలుగేళ్ళు ఎందుకు" అన్న ఆయనే ఈసారీ ఉన్నారు. పేరు ముద్దుకృష్ణ. ఆయన అడిగారు: "ఎద్దు సరే. ఇంట్లో దూడ పుడుతుంది. పుట్టిన దూడతో మొదటి మాట ఎవరు మాట్లాడతారు? ఏ భాషలో?"

నాకు తెలియదు సార్. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. "తెలీదు సార్" అన్నాను. అని ఊరుకున్నానా? లేచాను. చేతికి చాక్‌పీస్ ఎట్లా వచ్చిందో గుర్తులేదు. గోడకున్న నల్లబోర్డు కుడిపక్క పైమూలలో ఆ ప్రశ్న రాసి, కింద తారీఖు వేసి, చుట్టూ గీత గీసి, వెనక్కి తిరిగి, "అర్థమైందా?" అన్నాను.

ఐదుగురు ప్రొఫెసర్లను! "అర్థమైందా" అని!

చివర్లో కూర్చున్న తెల్లజుట్టు పెద్దాయన, "ఆఁ, అయింది మేడం" అన్నారు. అప్పుడు గానీ నాకు స్పృహ రాలేదు. మిగతాది గుర్తులేదు. బయటికొచ్చాక చూసుకుంటే చాక్‌పీస్ నా చేతిలోనే ఉంది. ఈ ఉత్తరం మీద తెల్లటి మరకలు దానివే.

తొమ్మిదేళ్ళ అనుభవం పనికొచ్చింది లెండి. ఇంటర్వ్యూ పాడుచేసుకోవడానికి.

యమున

*

మదనపల్లె,
16 అక్టోబర్ 2024.

యమునమ్మా,

చదివాను. మణెమ్మకు చదివి వినిపించాను. "అర్థమైందా" దగ్గర ఆమెకు పొరపోయి నీళ్ళు తాగించాల్సి వచ్చింది. నిన్ను చూసి కాదు, నన్ను చూసి నవ్విందట. మా పెళ్ళిలో ప్రమాణాలు చదివించాక నేను పాదిరిగారిని అదే మాట అడిగాను. నలభై తొమ్మిదేళ్ళయినా మరిచిపోలేదు చూడు.

ఫలితం ఎట్లా ఉంటుందో చెప్పండి సార్ అని అడుగుతావు. తెలియదు. చూశావా, నేర్చుకుంటున్నాను.

ఆదివారం గుడిలో నీ కోసం ప్రార్థన పెట్టించాం. మణెమ్మ నీ పేరు చెప్పకుండా, "ఎద్దుల గురించి చదివే ఒక బిడ్డకు సీటు రావాల" అని చీటీ రాసిచ్చింది. పాస్టర్ శాలేము రాజుగారు పశువైద్యం సీటు అనుకొని, "ప్రభువా, ఈ బిడ్డ చేతుల ద్వారా మూగజీవాలు స్వస్థత పొందును గాక" అని చాలా గట్టిగా ప్రార్థించారట. నాకు వినబడలేదు. వినబడి ఉంటే లేచి దిద్దేవాడిని. మరీ నష్టమేమీ లేదు, దేవుడు ఏ డిపార్ట్‌మెంటుకు పంపాలో పంపుకుంటాడు.

నీ జూలై ఉత్తరం చించలేదు. చించను. దాన్ని బైబిల్లో పెట్టుకున్నాను.

సున్నా వేశారని ఏడవకు. పిల్లలకు పాఠాలు చెప్పు.

విక్టర్

*

కుప్పం,
20 నవంబర్ 2024.

సార్! సార్! సార్!

మూడుసార్లు రాశాను, ఇప్పుడైనా వినిపించిందా? సీటు వచ్చింది. నాకు సీటు వచ్చింది!

పోయిన వారం లిస్టు వచ్చింది. నమ్మకం కుదరక, ఈ రోజు కుప్పం వచ్చి ఫీజు కట్టి రసీదు తీసుకున్నాకే మీకు రాస్తున్నాను. ముద్దుకృష్ణ సారే నా గైడు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఆయన గదికి పోతే, "ఆ ఇంటర్వ్యూ గదికి పోదాం రండి" అన్నారు. తలుపు తీశారు. అది ఎంఏ పిల్లల తరగతి గది. బోర్డంతా ఎవరో ఛందస్సు చెప్పి సగం తుడిచిన గీతలు. కుడిపక్క పైమూలలో నా చేతిరాత. నా గీత. 9 అక్టోబర్ తారీఖు. ఆరు వారాలైంది సార్, ఎవరూ తుడవలేదు! నేను అక్కడ ఎవరికీ చెప్పలేదు, తుడవొద్దని. నాకు కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. ఆయన కిటికీ వైపు చూస్తూ నిలబడ్డారు.

తర్వాత అన్నారు: "నాకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి ప్రతి ఇంటర్వ్యూలో అడుగుతానమ్మా. అందరూ ఏదో ఒక జవాబు చెప్తారు. తెలీదన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో. తెలీదని చెప్పి, దాన్ని దాచుకోకుండా బోర్డెక్కించింది మీరొక్కరే."

ఉండబట్టలేక అడిగేశాను. "అయితే సార్, నా టీచింగ్ అనుభవం పనికొచ్చినట్టేనా?"

"గడిలో సున్నానే. రూలు రూలే" అన్నారు. చేతిలో ఉన్న ఫైలు తెరిచి మీ ఉత్తరం నా ముందు పెట్టారు. "ఇది చదువుకోండి. ఇంతవరకు నా చేతికి వచ్చిన సిఫారసుల్లో మనిషి చేత్తో, చూసి రాసింది ఇదొక్కటే."

ఎనిమిదే వాక్యాలు. చివరి నాలుగూ నాకు నోటికొచ్చేశాయి: "ఈమె పాఠం నేను వినలేదు, నాకు చెవుడు. చూశాను. తెలియనిది తెలియదని పిల్లల ముందు చెప్పడం ఈమెకు వచ్చు. నలభై ఏళ్ళు పాఠం చెప్పి కూడా నాకు రాలేదు."

ఎందుకట్లా రాశారు సార్? మిమ్మల్ని తక్కువ చేసుకొని నన్ను ఎక్కువ చేయాలా? ఆ బోర్డు ముందు నిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. తొమ్మిదేళ్ళు పోయాయని ఇక ఎప్పుడూ అనను. ఆ రోజు మీరు చెప్పింది తెలిసి చెప్పారో తెలియక చెప్పారో గానీ, ఎంఏ కాగానే వచ్చి ఉంటే మానవతా విలువలతోనే డాక్టర్‌ను అయ్యేదాన్ని. నాకు కీర్తి దొరికేది కాదు.

పార్ట్‌టైం కింద చేరాను. వారంలో నాలుగు రోజులు పుంగనూరులో పాఠాలు, మిగతా రోజులు ఊళ్ళు. మునిరాజు సార్ కూడా ఒప్పుకున్నారు. "పర్మిషన్ లెటరు నువ్వే రాసుకోని రామ్మా" అన్నారు. ఒకటో తారీఖు ఆదివారం పూతరేకులతో వస్తున్నాను. అమ్మకు చెప్పండి, చెక్కిలాలు చేసి పెట్టమని.

మీ
యమున

*

మదనపల్లె,
2 డిసెంబర్ 2024.

చిరంజీవి యమునకు,

నిన్న నువ్వు, సురేంద్ర వచ్చిపోయినప్పటి నుంచి ఇంట్లో పూతరేకుల పొడి, చీమలు. మణెమ్మ తిడుతూనే తింటోంది.

నువ్వు పోయాక ఒక సంగతి జరిగింది. మన ఇంటి వెనక చెంగమ్మ ఆవు ఈ రోజు పొద్దున తొమ్మిది గంటలకు ఈనింది. పెయ్యదూడ. కబురు తెలియగానే చెప్పులు వేసుకొని పరిగెత్తాను. ఈ వయసులో పరుగేమిటని మణెమ్మ వెనకనే వచ్చింది. చెవి మిషన్ పెట్టుకోలేదు. ఎట్లాగూ నేను చూసేవాణ్ణే కదా.

చెంగమ్మ వరిగడ్డితో దూడను తుడిచింది. ముక్కులో జిగురు తీసింది. తర్వాత దాని చెవి దగ్గరికి వంగింది. నేను ఆమె పెదవుల మీదనే కళ్ళు పెట్టి నిలబడ్డాను. కన్నడమా, తెలుగా, అరవమా? పెదవులు దగ్గరికి వచ్చి విడిపోయాయి. మళ్ళీ దగ్గరికి వచ్చి విడిపోయాయి. నేను చదవగలిగిన మాటేదీ అది కాదు.

మణెమ్మను ఏమందని అడిగాను. నా అరచేతిలో వేలితో రాసింది: "ఏమీ అనలా. ముద్దు పెట్టినట్టు చప్పుడు చేసింది." చెంగమ్మనే అడగమన్నాను. చెంగమ్మ చెప్పిందాన్ని మణెమ్మ ఇంటికొచ్చాక కాగితం మీద రాసిచ్చింది. ఉన్నది ఉన్నట్టు నీకు పంపుతున్నాను.

"మాట యాడిది సారూ! దానికింకా మేము ఏ భాషా నేర్పీలేదు గదా!"

ఇది నీ ప్రశ్నకు జవాబో కాదో నాకు తెలియదు. అందరూ ఇట్లాగే చేస్తారో, చెంగమ్మ ఒక్కతే చేస్తుందో, అదీ తెలియదు. ఏనాటికి ఆ దూడకు మొదటి మాట వస్తుందో, అది ఎవరి నోటి నుంచి వస్తుందో కూడా తెలియదు. రోజూ పొద్దున పోయి చూసి వస్తాను, నాకు వేరే పనేముంది? చూసింది చూసినట్టు, తారీఖు వేసి నీకు రాస్తుంటాను. చెంగమ్మ ఒప్పుకుంది. దూడ ఇంకా ఒప్పుకోలేదు, ఈ రోజు నన్ను చూసి బెదిరింది.

మణెమ్మ పాత క్యాలెండరు వెనకవైపు తిప్పి, వంటగది గోడకు మేకు కొట్టి తగిలించింది. కుడిపక్క పైమూలలో నా ప్రశ్న రాశాను: "ఈ దూడతో మొదటి మాట ఎప్పుడు, ఎవరిది?" ఎవరూ తుడవకూడదని ఇద్దరమే ఉన్న ఇంట్లో ఎవరికి చెప్పాలి? మణెమ్మకే చెప్పాను. "తుడిస్తే అరుస్తావా?" అంది. అరుస్తానన్నాను.

నీ
విక్టర్